మూడో తరగతి బల్ల, పద్దెనిమిదో ఆటగాడు

నేను ఒక మూడో తరగతి బల్లను. తరగతి అంటే బడిలోది అనుకునేరు, రైల్లోది. ఇప్పుడు రైళ్లలో మూడో తరగతి అనేదే లేదు కాబట్టి, పరిచయం చేసుకున్నప్పుడల్లా ఈ సంజాయిషీ తప్పడం లేదు. మెత్తలు, రెక్జిన్‌లు లేని ఆ రోజుల్లో పెట్టె నిండా నాలాంటి చెక్క బల్లలే ఉండేవి.

పుట్టుకకు ఆదిలాబాద్ అడవి టేకును. నన్ను చిత్రిక పట్టి బల్లగా చేసింది సికింద్రాబాద్ పక్కన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో బ్రహ్మయ్య అనే వడ్రంగి. అది వెయ్యిన్ని తొమ్మిది వందల ముప్పై ఎనిమిది. అంచులు గుండ్రంగా తీసి, చేత్తో నిమిరి, "ముసలోళ్ల మోకాళ్లకు తగులొద్దు" అని తనలో తాను అనుకున్నాడు. నా గురించి ఒక మనిషి అన్న మొదటి మాట అదే.

ఇరవై ఏళ్లు కాజీపేట, బెజవాడ, మన్మాడ్ అంటూ తిరిగాను. నా మీద కూర్చున్నవాళ్లందరికీ ఒకటే ధ్యాస: ఎప్పుడు దిగుదామా అని. యాభై తొమ్మిదిలో మా పెట్టె కప్పు కురుస్తోందని దాన్ని పక్కన పెట్టారు. ఇనుము ఒకచోట, చెక్క ఒకచోట కుప్పేశారు. నేను చెక్క కుప్పలో, వంటచెరకు కావడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పుడు వర్క్‌షాపులో పనిచేసే నలుగురైదుగురు ఫుట్‌బాల్ పిచ్చివాళ్లు ఫోర్‌మన్‌ను బతిమాలి నన్ను అడుక్కున్నారు. రైలు పట్టా ముక్కలు కోసి కాళ్లు పెట్టారు. రోడ్డు దాటించి, రైల్వే క్వార్టర్ల వెనకాల ఉన్న మట్టి గ్రౌండ్‌కు మోసుకెళ్లి, సైడ్ లైన్‌కు నాలుగడుగుల దూరంలో పాతారు.

వాళ్ల క్లబ్బు పేరు మార్నింగ్ స్టార్. ఆడేది మాత్రం సాయంత్రాలు. ఎవరూ దీన్ని వింతగా అనుకోలేదు. జనం నోట్లో అది వట్టి 'స్టార్' అయిపోయింది. జంటనగరాల లీగ్‌లో అన్నిటికంటే కింద ఉన్న డివిజన్‌లో, ఆ డివిజన్‌లోనూ నడుమకంటే కొంచెం కిందగా ఉండేది.

గ్రౌండ్‌లో నాకు ముందు అర్థం కానిది ఒకటే. ఇక్కడికొచ్చినవాళ్లకు కూర్చోవడానికి బల్ల ఉంది, కానీ ఒక్కరూ కూర్చోరు. బంతి గోల్ వైపు వెళ్లగానే లేచి నిలబడతారు. వారమంతా పై అధికారి ముందు నోరు విప్పని మనిషి, ఆదివారం సాయంత్రం రిఫరీకి చూపు ఆనదని ఊరంతా వినేలా చెబుతాడు. సోమవారం మళ్లీ నోరు మూసుకుంటాడు.

అరవై ఒకటిలో, వానాకాలంలో, రాజలింగం వచ్చాడు. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. తండ్రి వర్క్‌షాపులో బరువులు మోసే కలాసీ. ఆ మధ్యాహ్నం వాడిని గ్రౌండ్ గోడ పక్కన కత్తెర పెట్టె పెట్టుకునే సాయన్న దగ్గర కూర్చోబెట్టి, జుట్టు కత్తిరించమని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు. సాయన్న కుడివైపు సగం తల పూర్తిచేశాడో లేదో విజిల్ వినిపించింది. అంతే, కత్తెర చేతిలో ఉండగానే పరుగెత్తాడు. పిల్లవాడు కాసేపు ఎదురుచూశాడు. మనిషి రాలేదు. సగం తలతో ఇంటికి వెళ్తే అమ్మ చంపుతుంది. అందుకని సాయన్నను వెతుక్కుంటూ గ్రౌండ్‌లోకి వచ్చాడు.

"సాయన్నా, నా తల!" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

"ఆగు బిడ్డా, కార్నర్ పడ్డది," అన్నాడు సాయన్న, వాడి వైపు చూడకుండానే.

కార్నర్ అంటే ఏమిటో వాడికి తెలీదు. అంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు కాబట్టి వాడూ చూశాడు. బంతి గాలిలో వంకర తిరిగి లోపలికి రావడం, మన జట్టులో ఒకతను ఎగిరి తలతో కొట్టడం, వల లేని గోల్ పోస్టుల మధ్య నుంచి అది వెళ్లి వెనకాల ఆరేసిన దుప్పటికి తగలడం చూశాడు. సాయన్న వాడిని రెండు చంకల కింద పట్టుకుని గాల్లోకి ఎత్తాడు. స్టార్ రెండు, ఒకటితో గెలిచింది. మిగిలిన సగం తల నా మీదే కూర్చోబెట్టి కత్తిరించాడు సాయన్న. ధ్యాసంతా ఆ గోల్ మీదే ఉండి ఎడమవైపు చెవి దగ్గర మెట్లు మెట్లుగా వచ్చింది. రాజలింగం అద్దం అడగలేదు. "మళ్లెప్పుడు?" అని మాత్రం అడిగాడు.

"వచ్చే ఐతారం," అన్నాడు సాయన్న, జుట్టు దులుపుతూ. అప్పటినుంచి నలభై ఏళ్లు ఆదివారం తప్పలేదు. బడి ఆపేసి వర్క్‌షాపులో పెయింటర్‌గా చేరాక, రైలు పెట్టెల మీద అంకెలు రాసిన చేతులకు రంగు ఆరకముందే గ్రౌండ్‌కు వచ్చేవాడు. నా కుడి కొస అతనిది.

ఎడమ కొస సిస్టరమ్మది. అసలు పేరు మేరీ ఫిలోమినా. గుంటూరు దగ్గర పల్లె నుంచి రైల్వే ఆస్పత్రికి నర్సుగా వచ్చింది. అరవై తొమ్మిదిలో ఒక పోటీకి ప్రథమ చికిత్స పెట్టెతో ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఆస్పత్రిలో అందరికంటే చిన్నది ఈమే కాబట్టి ఈమెను పంపారు. ఇస్త్రీ చేసిన తెల్లచీరతో, పెట్టె ఒళ్లో పెట్టుకుని, మగవాళ్ల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆట మొదలైన పది నిమిషాలకు మన ఆటగాడొకడిని అవతలివాడు కాలడ్డం పెట్టి పడేశాడు. ఈమె గభాలున లేచి గ్రౌండ్ మధ్యకు పరుగెత్తింది.

రిఫరీ అడ్డం వచ్చి, "మ్యాచ్ నడుస్తుంది సిస్టర్, నేను పిలిస్తేనే రావాలె," అన్నాడు.

"మనిషి పడిపోతే మీరు పిలిచేదాకా ఆగాలా? ఇదేం ఆటండీ!" అందామె.

గ్రౌండంతా నవ్వింది. రాజలింగానికి అప్పుడు పదహారేళ్లు. ఆమె తిరిగి వచ్చి కూర్చున్నాక, నిబంధనలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఆఫ్‌సైడ్ దగ్గర మాత్రం ఇద్దరూ ఇరుక్కుపోయారు. మర్నాటి నుంచి ఆమెకు గ్రౌండ్ డ్యూటీ లేదు. అయినా ఆమె మరుసటి ఆదివారం వచ్చింది. ఆ కాలు మానిందో లేదో చూడడానికి అని చెప్పింది. కాలు మానిన తర్వాత కూడా వచ్చింది. ముందు నాలుగు నెలలు చుట్టుపక్కల ఏదో ఒకటి అనేవాళ్లు ఉండేవారు. ఆమె వినిపించుకోలేదు. తర్వాత ఆమె రాని రోజున 'సిస్టరమ్మ ఏది?' అని వాళ్లే అడిగేవారు.

అలా ముప్పై ఏళ్లు గడిచాయి. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. వాళ్లు ఇద్దరూ తమ తమ సంసారాల సంగతి నా మీద కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ, స్టార్ సంగతే ఎక్కువ. డెబ్భై ఏడులో స్టార్ డివిజన్ కప్పు ఫైనల్‌కు వెళ్లి గెలిచింది. ఆ రాత్రి ఇద్దరూ ఇంటికెళ్లి ఏం వండారో, ఏం తిన్నారో గుర్తులేదని తర్వాత చెప్పుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఏ కప్పూ రాలేదు. వస్తుందని, సీజన్ మొదలయ్యే ప్రతి జూన్‌లోనూ ఇద్దరూ నమ్మారు.

రాజలింగం నోరు మంచిది కాదు. ఆటగాళ్లను ఒక్కణ్ణీ వదిలేవాడు కాదు. "కాళ్లా అవి, కట్టెలా?", "ఇయ్యిరా పాస్, ఇయ్యి! ఇంటికి తీస్కపోతవా బంతిని?" అని మ్యాచ్ సాంతం అరుస్తూనే ఉండేవాడు. విచిత్రం ఏమిటంటే, అతను జన్మలో ఒక్కసారి కూడా మ్యాచ్ ఆడలేదు. చిన్నప్పుడు జట్టుకు తీసుకోలేదు, పెద్దయ్యాక అడగలేదు. క్లబ్బు కార్యదర్శి గోవర్ధన్ సారు, రైల్వే బడిలో డ్రాయింగ్ మాస్టరు, ఏటా లీగ్ ఫారం నా మీదే కూర్చుని నింపేవారు. ఫారంలో పద్దెనిమిది పేర్లకు చోటుండేది. మనకు పదిహేడుకు మించి ఎప్పుడూ దొరికేవారు కాదు.

"రాజలింగం, ఒక ఫోటో ఇయ్యి," అనేవారు సారు. "ఖాళీ ఉంటే బాగుండదు."

రాజలింగం జేబులోంచి తీసి ఇచ్చేవాడు. అలా పదేళ్లపాటు ఏటా పద్దెనిమిదో పేరు అతనిదే అయింది. దాని గురించి ఇంక ఎవరూ ఆలోచించలేదు.

ఇళ్లల్లోకి టీవీ వచ్చింది. జనం క్రికెట్ వైపు వెళ్లారు. నా మీద చోటు కోసం తోసుకునే రోజులు పోయి, పిచ్చుకలు వాలే రోజులు వచ్చాయి. ఆటగాళ్లు కూడా తగ్గారు. రెండు వేల ఒకటిలో, జూన్ నెలలో, ఒక మ్యాచ్‌కు స్టార్ జట్టు దిగలేకపోయింది. ఒక సీజన్‌లో రెండుసార్లు అలా జరిగితే లీగ్ నుంచి పేరు కొట్టేస్తారు. నలభై మూడేళ్ల క్లబ్బు ఒక గీతతో పోతుంది.

ఆగస్టులో రెండో ఆదివారం. అవతలి జట్టు డైమండ్ క్లబ్బు, డివిజన్‌లో మొదటి స్థానంలో ఉన్నది. ఆ రోజే గుంటూరులో రైల్వే ఉద్యోగాల పరీక్ష పడింది. మన కుర్రాళ్లు తొమ్మిదిమంది ముందురోజే బండెక్కారు. ఇద్దరికి జ్వరం. కెప్టెన్ ఆంథోనీ, మరో ఐదుగురు మాత్రం వచ్చారు. గోవర్ధన్ సారు వాళ్లను రెండుసార్లు లెక్కపెట్టారు.

"ఆరుగురే," అన్నారు, వచ్చి నా మీద కూలబడి. "ఏడుగురన్న లేకుంటే రిఫరీ ఆట మొదలు పెట్టడు."

ఆంథోనీ బూట్ల తాడు కడుతూ రాజలింగం వైపు చూశాడు. సారు కూడా చూశారు.

"రాజలింగం, ఫారంల నీ పేరున్నది గదా."

"ఉంటే? పేరు ఆడుతదా సారూ?" అన్నాడు రాజలింగం. నవ్వబోయాడు గానీ వాళ్లెవరూ నవ్వలేదు. "నాకు నలభై ఎనిమిదేండ్లు. చూసుడు వేరే, ఆడుడు వేరే. నా కాళ్లకు బంతి తెల్వది."

"తెల్వకున్నా సరే అన్నా, లైన్ లోపట ఉంటే చాలు," అన్నాడు ఆంథోనీ.

"నలుగురు చూస్తరు రా! రేపు వర్క్‌షాపుల మొఖం ఎట్ల చూపియ్యాలె?"

అప్పుడు సిస్టరమ్మ మందుల పెట్టె మూత తెరిచింది. ఆమె ఆ పెట్టె తేవడం ఎన్నడూ మానలేదు. "రాజలింగం గారూ, నలభై ఏళ్లలో మీరు తిట్టని ఆటగాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"లేడు."

"అయితే ఇవాళ మీరు తిట్లు తినండి. లేవండి. కళ్లజోడు ఇలా ఇవ్వండి."

కళ్లజోడు ఊడకుండా కట్టుగుడ్డతో తల చుట్టూ కట్టింది. జ్వరంతో రానివాడి బూట్లు దొరికాయి, రెండు సైజులు పెద్దవి. వేళ్ల దగ్గర దూది కుక్కింది. బనియన్ పొట్ట దగ్గర బిగుసుకుంది. రిఫరీ ఫారం మీద ఫోటో చూసి, మనిషిని చూసి, మళ్లీ ఫోటో చూశాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

ఆంథోనీ అతన్ని ఎడమ లైన్ పక్కన, సరిగ్గా నా ముందు నిలబెట్టాడు. ఇన్నేళ్లలో నేను అతని వీపు చూసింది ఆ రోజే.

నాలుగో నిమిషంలో బంతి అతని కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. అతను కిందికి చూశాడు. "కొట్టురా, కొట్టు!" అని గట్టిగా అరిచాడు, అలవాటు కొద్దీ. ఎవర్ని అంటున్నాడో అతనికే తెలిసేలోపు డైమండ్ కుర్రాడు బంతి తీసుకుని వెళ్లిపోయాడు. గోల్ అయింది. గ్రౌండ్‌లో ఆట చూస్తున్న పదిహేనుమంది పడీ పడీ నవ్వారు. సగం ఆట అయ్యేసరికి ఆరు గోల్స్ పడ్డాయి.

విరామంలో నా మీద కూర్చుని నీళ్లు తాగాడు. లేచేటప్పుడు, "ఇంత దూరం ఉంటదా సిస్టరమ్మా, ఆ గోల్ పోస్టు? ఈడ కూసుంటే దగ్గర కనబడతది," అన్నాడు.

రెండో సగంలో ఇంకా ఐదు పడ్డాయి. డెబ్భయ్యో నిమిషంలో రాజలింగం ఎడమ పిక్క పట్టేసి కింద పడ్డాడు. కాలు పట్టుకుని మట్టిలో మెలికలు తిరిగాడు. ఈసారి రిఫరీ పిలిచాకే సిస్టరమ్మ వెళ్లింది.

"ఈయన బయటికి వస్తే ఆరుగురే మిగులుతరు," అన్నాడు రిఫరీ. అతనికీ బాధగానే ఉంది. "నేను ఆట ఆపాలె. మీ పేరు మీద రెండో గైరుహాజరీ రాయాలె."

సిస్టరమ్మ పిక్క రుద్దుతూ, వేళ్లు వెనక్కి వంచి పట్టుకుంది. "ఇరవై నిమిషాలు. నిలబడగలరా?"

"నిలబడుడు వస్తది. నడుసుడే..."

"నడవొద్దు. నిలబడండి, చాలు."

లేపి నిలబెట్టింది. అతను ఎడమకాలు నేలకు ఆనీ ఆననట్టు పెట్టి, చేతులు నడుముకు ఆనించి, లైన్ లోపల నిలబడ్డాడు. ఆట అతని చుట్టూ నడిచింది. ముఖం మీద చెమట, కన్నీళ్లు కలిసిపోయాయి. డైమండ్ వాళ్లు కూడా అతని వైపు బంతి కొట్టడం మానేశారు. కావాలని మానేశారో, అవసరం లేక మానేశారో నేను చెప్పలేను. చివరి ఐదు నిమిషాల్లో ఒక బంతి ఎవరి కాలికో తగిలి దారి తప్పి అతని వైపు దొర్లింది. "కుడికాలు, రాజలింగం గారూ!" అని అరిచింది సిస్టరమ్మ. కుడికాలు ఊపాడు. బూటు ముందు దూది ఉన్నచోట తగిలింది. బంతి నెమ్మదిగా, వంకరగా వెళ్లి ఆంథోనీ ముందు ఆగింది. ఆంథోనీ తేరుకుని కొట్టాడు. గోల్‌కీపరు పట్టేసుకున్నాడు. ఆ మ్యాచ్‌లో స్టార్ అవతలి గోల్ మీదికి కొట్టిన బంతి అదొక్కటే.

పదకొండు, సున్నా. విజిల్ మోగింది. మాకు ఓటమి రాసుకున్నారు. లీగ్‌లో పేరు మాత్రం మిగిలింది.

ఆంథోనీ, సారు చెరో పక్క పట్టుకుని అతన్ని తెచ్చి నా మీద కూర్చోబెట్టారు. తుండుగుడ్డ ముఖం మీద కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"పదకొండు గోల్స్ సిస్టరమ్మా."

"నేను లెక్కపెట్టలేదండీ," అందామె, బూటు తాడు విప్పుతూ. "మనవాళ్లు ఏడుగురూ ఉన్నారా లేదా అని, అదే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను."

మూడు ఆదివారాలు రాజలింగం గ్రౌండ్‌కు రాలేదు. వర్క్‌షాపులో కుర్రాళ్లు అతన్ని 'పదకొండు' అని పిలవడం మొదలుపెట్టారని తెలిసింది. నాలుగో ఆదివారం కుంటుతూ వచ్చి తన కొసన కూర్చున్నాడు. పది నిమిషాలు ఓర్చుకుని, తర్వాత "ఇయ్యిరా పాస్!" అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది. ఎవరైనా కిందపడితే మాత్రం ఇంక ఏమీ అనేవాడు కాదు. ఆ మ్యాచ్ మాట ఎవరైనా ఎత్తితే లేచి టీకి వెళ్లిపోయేవాడు. క్లబ్బును నిలబెట్టానని అతనికి తోచలేదు. నవ్వులపాలు చేశాననే అనుకున్నాడు. స్టార్ ఆ ఏడాది చివర నుంచి రెండోదిగా మిగిలింది. పరీక్షకు వెళ్లినవాళ్లలో ఇద్దరికి ఉద్యోగం వచ్చింది.

రెండు వేల తొమ్మిదిలో గ్రౌండ్ చుట్టూ కొత్త గోడ కట్టారు. గోడ సరిగ్గా నేనున్న చోట పడింది. నన్ను పెకిలించి రోడ్డు పక్కన పెడితే అజీజ్ భాయ్ తన టీ కొట్టు ముందు వేసుకున్నాడు. అక్కడ తొమ్మిదేళ్లు ఉన్నాను. చాయ్ మరకలు పడ్డాయి, సమోసా నూనె ఇంకింది, కాలేజీ పిల్లలు తాళంచెవితో పేర్లు చెక్కారు. రాజలింగం, సిస్టరమ్మ ఇద్దరూ ఈలోగా ఉద్యోగాల నుంచి దిగిపోయారు. గ్రౌండ్‌లో ఇప్పుడు సిమెంటు మెట్లున్నాయి. వాళ్లు అక్కడే కూర్చుని ఆట చూసి, అయ్యాక నా దగ్గరికి వచ్చి మళ్లీ మొదటి నుంచి ఆ ఆటే మాట్లాడుకునేవారు. గోవర్ధన్ సారు పోయారు. ఆంథోనీ కార్యదర్శి అయ్యాడు.

రెండు వేల పద్దెనిమిదిలో క్లబ్బుకు అరవై ఏళ్లు నిండాయి. అప్పటికి ఆరు నెలల ముందే సుచరిత అనే పాతికేళ్ల అమ్మాయి వచ్చి, ఫుట్‌బాల్ కోచింగ్ చదువుకున్నానని, ఇక్కడ ఆడపిల్లల జట్టు పెడతానని ఆంథోనీని అడిగింది. ఇంత పెద్ద నగరంలో ఈ చిన్న క్లబ్బే ఎందుకని ఆంథోనీ అడిగితే, తర్వాత చెబుతానంది. ఉత్సవం రోజున ఆ అమ్మాయే పిల్లల్ని వెంటబెట్టుకుని టీ కొట్టు దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఈ బల్ల ఇస్తారా? పెద్దోళ్లు మెట్ల మీద కూసోలేకపోతున్నరు."

"తీస్కపో బేటీ," అన్నాడు అజీజ్ భాయ్. "నా గిరాకీలు నిలబడి తాగుతరు. ఆ ఇద్దరు మాత్రం కూసోవాలె."

ఆరుగురు ఆడపిల్లలు నన్ను ఎత్తుకుని గేటులోంచి తీసుకెళ్లారు. మళ్లీ గడ్డి వాసన తగిలింది.

సభలో పెద్ద ఉపన్యాసాలేమీ లేవు. ఒక్కొక్కరూ లేచి తాము చూసిన మొదటి మ్యాచ్ గురించి చెప్పాలన్నాడు ఆంథోనీ. రాజలింగం సగం తల కథ చెప్పాడు. ఎడమవైపు జుట్టు ఏటా కొంచెం పొడవవుతోంది ఆ కథలో. సిస్టరమ్మ రిఫరీతో పోట్లాట చెప్పింది. అంతా నవ్వారు. ఆఖర్న సుచరిత లేచింది.

"మా నాయిన డైమండ్ క్లబ్బు," అంది. "వాళ్ల వ్యాన్ నడిపేటోడు. నాకు ఎనిమిదేండ్లప్పుడు మ్యాచ్ చూపిస్త అని తీస్కొచ్చిండు. ఇదే గ్రౌండ్. మా టీం పదకొండు గోల్స్ కొట్టింది."

రాజలింగం తల దించుకున్నాడు. లేచి వెళ్లిపోదామని చెయ్యి నా అంచు మీద ఆనించాడు. సిస్టరమ్మ ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది.

"మొదలు నేను గూడ నవ్విన. ఒకాయన కండ్లద్దాలకు గుడ్డ కట్టుకొని ఆడుతున్నడు. తర్వాత ఆయన కింద పడ్డడు. లేచిండు. ఇగ నడుస్తలేడు, బయటికి పోతలేడు, ఏడ్సుకుంట అట్లనే నిలబడ్డడు. ఎందుకు పోతలేడు అని మా నాయినను అడిగిన. 'ఆయన పోతే ఆట ఆగిపోతది బిడ్డా' అన్నడు." సుచరిత రాజలింగం వైపు తిరిగింది. "అప్పుడు ఆయన ఒక పాస్ ఇచ్చిండు. నేను లేచి చప్పట్లు కొట్టిన. మావోళ్లంత నన్ను చూసి నవ్విన్రు. పోయేటప్పుడు వ్యాన్‌ల మా నాయినకు చెప్పిన, నేను స్టార్ దిక్కు అని. ఇప్పటికీ ఇంట్ల మా ఇద్దరికీ అదే లొల్లి."

రాజలింగం మెల్లగా తలెత్తాడు.

"నువ్వు ఆ రోజు ఉన్నవా బిడ్డా?"

"ఉన్న తాతా. నేను చూసిన మొదటి ప్లేయర్‌వు నువ్వే."

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "పాస్ సక్కగ పోలేదు అది," అన్నాడు చివరికి. "వంకర పోయింది."

"ఆంథోనీ సార్ దగ్గరికే పోయింది గద," అంది సుచరిత.

పదిహేడేళ్లలో ఆ రోజు మొదటిసారి అతను ఆ మ్యాచ్ గురించి మాట్లాడాడు. ఇంక ఆపడం ఎవరి వల్లా కాలేదు. బూట్లు ఎంత పెద్దవో, గోల్ పోస్టు ఎంత దూరమో, పిక్క పట్టేస్తే ఎలా ఉంటుందో పిల్లలందరికీ చూపిస్తూ చెప్పాడు.

ఆడపిల్లల లీగ్ మరుసటి నెలలో మొదలైంది. మొదటి మ్యాచ్‌కు నా మీద రాజలింగం, సిస్టరమ్మ, వాళ్లతో పాటు ఉప్పలయ్య అనే ఆటో డ్రైవరు కూర్చున్నారు. అతని కూతురు జ్యోత్స్న మన జట్టులో ఎడమవైపు ఆడుతోంది. బోడుప్పల్‌లో బంధువుల ఇంట్లో ఫంక్షన్ ఉంది. కూతురిని ఎక్కించుకుని వెళ్లాలి. ఆటో తాళం వేలికి తిప్పుకుంటూ, గ్రౌండ్ వైపు వీపు పెట్టి, ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఇంకెంత సేపు సార్?" అని అడిగాడు రాజలింగాన్ని.

"అర్ధగంట అన్న పడతది."

"ఇంకా అంతనా!" అని నిట్టూర్చాడు.

అవతలి జట్టు రెండు గోల్స్ కొట్టింది. ఉప్పలయ్య చూడలేదు. తర్వాత ఎవరో 'జ్యోత్స్నా!' అని అరిచారు. తన బిడ్డ పేరు పరాయివాళ్ల నోట అంత గట్టిగా వినడం అదే మొదటిసారి కాబోలు, ఉలిక్కిపడి తిరిగాడు. పిల్ల లైన్ వెంట బంతిని తోసుకుంటూ పోతోంది. ఇద్దర్ని దాటింది. లోపలికి కొట్టింది. మన పిల్ల ఇంకొకతి దాన్ని గోల్‌లోకి నెట్టింది. ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు. ఫోన్ మోగుతోంది. జేబులో పెట్టేసుకున్నాడు.

"అది మా బిడ్డ సార్," అన్నాడు.

"చూసిన. మంచిగ ఇచ్చింది పాస్," అన్నాడు రాజలింగం.

తర్వాత ఉప్పలయ్య కూర్చోలేదు. జ్యోత్స్న దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా అతని కుడికాలు తనకు తెలియకుండానే కదిలేది. స్టార్ ఒక గోల్ వెనకబడి ఉంది. మన పిల్లలు అందరూ ముందుకు వచ్చేశారు.

"ఇంకెంత సేపు సార్?"

"మూడు నిమిషాలు."

"అంతేనా!" అన్నాడు ఉప్పలయ్య.

స్టార్ రెండు, ఒకటితో ఓడిపోయింది. అతను కాసేపు అలాగే నిలబడి, పిల్లలు చేతులు కలుపుకోవడం చూశాడు. కూతురు వచ్చి, "నాయినా, ఫంక్షన్‌కు లేటయింది," అంటే, "కానీ తియ్యి," అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, మరుసటి మ్యాచ్ ఎప్పుడని సిస్టరమ్మను అడిగాడు.

మరుసటి ఆదివారం ఆట నాలుగు గంటలకు. ఉప్పలయ్య మూడున్నరకే వచ్చాడు, ఆటో గేటు బయట పెట్టి. నా పక్కన నిలబడి ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"అక్కడ ఎండ పడుతుందండీ, ఇటు రండి," అని సిస్టరమ్మ పెట్టె ఒళ్లోకి తీసుకుని జరిగింది. రాజలింగం కూడా ఇంకొంచెం కొసకు జరిగాడు. ఉప్పలయ్య ఇద్దరి మధ్యా కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఖాళీ గ్రౌండ్ వైపు చూశాడు.

"ఈ ఆఫ్‌సైడ్ అంటే ఏంది సార్?" అన్నాడు.

రాజలింగం సిస్టరమ్మ వైపు చూశాడు. ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.